"ఇది గేమా, తుపాకులు ఏరుకునే పనా?": సైబర్‌పంక్ 2077పై వినిపించే ఫిర్యాదులు, కారణాలు, పరిష్కారాలు

ఈ గేమ్ గురించి ఇద్దరిని అడిగితే మూడు అభిప్రాయాలు వస్తాయి. పేరు ఒకటే అయినా అందరూ ఆడింది ఒకే గేమ్ కాదు మరి. 2020 డిసెంబర్ 10న విడుదలైనది ఒక రకం. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. 2022లో 1.5, 1.6 ప్యాచ్‌లతో (సవరణ అప్‌డేట్‌లతో) కుదుటపడినది రెండో రకం. 2023 సెప్టెంబర్ 21న 2.0 ప్యాచ్‌తో పెర్కులు (పాయింట్లతో తీసుకునే నైపుణ్యాలు), కవచం, పోలీసులు, లూట్ (ఏరుకునే సామాను) అన్నీ తిరగరాసినది మూడోది. కాబట్టి ఏ ఫిర్యాదు విన్నా, ఏ సలహా చదివినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ వర్షన్?

"పీఎస్5లోనే ఆడుతున్నా, అందరూ చెప్పే కొత్త పెర్కులు నాకు కనిపించట్లేదు"

మెయిన్ మెనూలో వర్షన్ నంబర్ చూడండి. 1.6తో మొదలైతే మీ కన్సోల్‌లో నడుస్తున్నది పీఎస్4 కాపీ. పాత కన్సోళ్లకు 2.0 ఇవ్వలేదు, పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ 1.6 దగ్గరే ఆగిపోయాయి. పీఎస్4 డిస్క్ ఉన్నవాళ్లకు పీఎస్5 వర్షన్ ఉచితమే. గేమ్ పేజీలో పీఎస్5 వర్షన్ ఎంచుకుని దించుకోండి, ఆడేటప్పుడు డిస్క్ లోపలే ఉండాలి. కొత్తది దిగి, సేవ్‌లు వచ్చాయని తేలేదాకా పాతదాన్ని తీసేయకండి.

పీసీలో 1.x (2.0కు ముందరి వర్షన్లు) నాటి సేవ్‌తో 2.0లోకి వస్తే పెర్కు పాయింట్లన్నీ తిరిగి చేతికొస్తాయి. మళ్లీ పంచుకోవాలి. పంచుకోకుండానే ఫైట్‌లోకి దిగి "ప్యాచ్ తర్వాత గేమ్ కష్టమైపోయింది" అనేవాళ్లు తక్కువేం లేరు. సగం ఆట దాటకపోయి ఉంటే కొత్తగా మొదలుపెట్టడమే మేలు.

"ఒక్కొక్కడికీ మూడు మ్యాగజీన్లు ఖాళీ చేయాలి, వాళ్లు రెండు దెబ్బలేస్తే నేను చస్తున్నా"

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. నెపం తుపాకీ మీద పడుతుంది గానీ తప్పు సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది.

మొదటిది కవచం. 1.x రోజుల్లో చొక్కా, ప్యాంటు, టోపీ అన్నిటికీ ఆర్మర్ అంకెలుండేవి. అందుకే మనిషి పగటివేషగాడిలా తయారయ్యేవాడు. 2.0లో బట్టలు దాదాపుగా అలంకారమే. ఆర్మర్ ఇప్పుడు సైబర్‌వేర్ (ఒంట్లో అమర్చుకునే యంత్రభాగాలు) నుంచి వస్తుంది. వాటిని అమర్చే రిప్పర్‌డాక్ దగ్గరికెళ్లి చర్మం వరుసలో సబ్‌డెర్మల్ ఆర్మర్ వేయించుకోండి. చేతిలో ఉన్న ఎడ్డీలు (ఆటలోని డబ్బు) కారు మీద పెట్టాలా, దీని మీద పెట్టాలా అన్న సందేహమే వద్దు. సైబర్‌వేర్‌కు కెపాసిటీ అనే పరిమితి ఉంటుంది. లెవెల్ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, దారిలో దొరికే కెపాసిటీ షార్డులు ఇంకాస్త పెంచుతాయి. టెక్నికల్ ఎబిలిటీ 20కి చేరాక ఎడ్జ్‌రన్నర్ పెర్కు తీసుకుంటే పరిమితికి మించి 50 పాయింట్ల దాకా వాడుకోవచ్చు. మించిన ప్రతి పాయింటుకూ ఆరోగ్యం కొంత కోసుకుపోతుంది, లెక్క చూసుకుని దిగండి.

రెండోది పాయింట్ల పంపకం. అయిదు గుణాలున్నాయి కదా అని అన్నిటికీ సమానంగా పంచేస్తే ఏదీ పైమెట్టు ఎక్కదు. బలమైన పెర్కులు 9, 15, 20 మెట్ల దగ్గర ఉంటాయి. ముందు తుపాకీ తేల్చుకోండి, గుణం దాని వెంట వస్తుంది. షాట్‌గన్, లైట్ మెషీన్‌గన్ అయితే బాడీ. అసాల్ట్ రైఫిల్, సబ్‌మెషీన్‌గన్, కత్తి అయితే రిఫ్లెక్సెస్. పిస్టల్, రివాల్వర్, స్నైపర్‌కు కూల్. స్మార్ట్ తుపాకులకు, హ్యాకింగ్‌కు ఇంటెలిజెన్స్. చార్జ్ చేసి గోడ అవతల ఉన్నవాణ్ని కొట్టే టెక్ తుపాకులకు టెక్నికల్ ఎబిలిటీ. రెండు గుణాలు 20కి తీసుకెళ్లి, మూడోదాన్ని 15 దగ్గర ఆపడం చాలా బిల్డ్‌లకు (పాయింట్లు, పెర్కుల అమరికలకు) సరిపోతుంది. పెర్కులు ఎప్పుడైనా ఉచితంగా మార్చుకోవచ్చు. గుణాల పాయింట్లు మాత్రం ఒక్కసారే వెనక్కొస్తాయి, ఆ అవకాశాన్ని తొందరపడి వాడేయకండి.

మూడోది స్టామినా. "అప్పటిదాకా బాగా తగిలిన గుళ్లు ఉన్నట్టుండి పక్కకు పోతున్నాయి" అంటే కారణం ఇదే. 2.0 నుంచి తుపాకీ పేల్చినా స్టామినా ఖర్చవుతుంది. అది అడుగంటితే గురి చెదురుతుంది. ట్రిగర్ అలాగే నొక్కిపట్టకుండా నాలుగైదు గుళ్ల చొప్పున కాల్చండి, మీ తుపాకీ వరుసలో స్టామినా ఖర్చు తగ్గించే పెర్కులు ముందు తీసుకోండి.

స్మార్ట్ తుపాకీ కొన్నా గుండు శత్రువు వెంటపడటం లేదంటే అరచేతికి స్మార్ట్ లింక్ వేయించుకోలేదన్నమాట. ఇవన్నీ సరిచూసుకున్నా కష్టంగానే ఉంటే సెట్టింగ్స్‌లో డిఫికల్టీ తగ్గించండి. మధ్యలో మార్చినా నష్టమేమీ లేదు. 2.0లో శత్రువులు మీ లెవెల్‌తో పాటే ఎదుగుతారు కాబట్టి "లెవెల్ పెంచుకుని వచ్చి వీణ్ని కొడతా" అన్న పాత ఉపాయం ఇక్కడ అంతగా పారదు.

"పది అడుగులకోసారి సంచి నిండిపోతోంది, నడక నత్తనడక అవుతోంది"

లూటర్-షూటర్ అన్న పేరు ఈ గేమ్‌కు వచ్చిందే ఇక్కడ. పడిపోయిన ప్రతి మనిషి దగ్గరా ఓ తుపాకీ ఉంటుంది, మ్యాప్ మీద రంగురంగుల గుర్తులు రమ్మని పిలుస్తుంటాయి. తెలుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, నారింజ అన్నవి వరుసగా ఒకటి నుంచి అయిదో టియర్ (స్థాయి) దాకా. ఏరడం మొదలెడితే ఆట అక్కడే ఆగిపోతుంది.

ఏరాల్సిన అవసరం ఎందుకు లేదో తెలిస్తే చేయి దానంతటదే వెనక్కి వస్తుంది. 2.0 తర్వాత మామూలు తుపాకీని అప్‌గ్రేడ్ చేయలేరు. కొన్ని లెవెళ్లు పోయాక అది ఎటూ తుక్కే. ఐకానిక్ అని రాసి ఉన్న ప్రత్యేక ఆయుధాలను మాత్రమే మొదటి నుంచి 5++ టియర్ దాకా పెంచుకోవచ్చు. అందుకని మీ బిల్డ్‌కు సరిపోయే ఐకానిక్ ఒకటో రెండో పట్టుకుని, మిగతా లూట్‌ను వాటికి మేతగా చూడండి. ఆట మొదట్లోనే విల్సన్ దగ్గర దొరికే డైయింగ్ నైట్ పిస్టల్‌ను కూల్ బిల్డ్ వాళ్లు చాలాదూరం మోసుకుపోవచ్చు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. మీరు దాటేసిన కింది టియర్ తుపాకులను ముట్టుకోకండి. మీకు కావాల్సిన టియర్‌వి ఏరి అక్కడికక్కడే విడగొట్టండి. అదే టియర్ విడిభాగాలొస్తాయి, వాటికి బరువు బాధ లేదు. డబ్బు కావాలంటే మాత్రం డ్రాప్ పాయింట్ దాకా మోసుకెళ్లి అమ్మండి. చెత్త సామాన్లన్నీ అక్కడ ఒక్క బటన్‌తో పోతాయి. ఎదుటి దుకాణంలో డబ్బు అయిపోతే టైమ్ స్కిప్‌తో ఒకటి రెండు రోజులు ముందుకు జరపండి. విడగొట్టే ముందు పేరు ఒకసారి చదవండి. ఐకానిక్‌ను విడగొట్టి తర్వాత తల పట్టుకున్నవాళ్లున్నారు.

వాడకపోయినా వదులుకోలేని తుపాకులను ఇంట్లోని స్టాష్‌లో (దాచుకునే గదిలో) పడేయండి. మీ కారు డిక్కీ కూడా ఆ స్టాష్‌కే తెరుచుకుంటుంది, ప్రతిసారీ ఇంటికి పరిగెత్తక్కర్లేదు. మోసే శక్తి పెరగాలంటే ఎముకల వరుసలో టైటానియం బోన్స్ ఉంది.

పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది: "ఎక్కువ సామాను పెట్టుకుంటే సేవ్ పాడైపోతుంది" అని. పీసీలో సేవ్ ఫైల్ 8 ఎంబీ దాటితే నిజంగానే పాడయ్యేది. 2020 డిసెంబర్‌లోనే 1.06 హాట్‌ఫిక్స్‌తో ఆ పరిమితి పోయింది. ఇప్పుడు భయపడక్కర్లేదు.

"ఐకానిక్ మిస్సయ్యింది" / "నా తుపాకీ ఉన్నట్టుండి కాళ్లకే కాలుస్తోంది"

ది హైస్ట్ మిషన్‌లో రెండు ఐకానిక్‌లుంటాయి. పెంట్‌హౌస్‌లో మంచం పక్కన కాంగో పిస్టల్, పైన దిగి ఉన్న ఏవీ అనే ఎగిరే వాహనంలో సతోరి కటానా. మిషన్ ముగిశాక అక్కడికి తిరిగి వెళ్లే దారి లేదు. వదిలేసి వచ్చినవాళ్లకు ఫాంటమ్ లిబర్టీ (అదనపు కథ ఉన్న డీఎల్‌సీ) ఉంటే, అందులోని డాగ్‌టౌన్ ప్రాంతంలో హెరాల్డ్ లో అనే దొంగసరుకు వ్యాపారి దగ్గర, మిస్సయిన ఐకానిక్‌లు అమ్మకానికి దొరుకుతాయి. డీఎల్‌సీ లేకపోతే పాత సేవే గతి. ఆ మిషన్‌కు ముందు విడిగా ఒక సేవ్ పెట్టుకోండి.

కాళ్లకు కాల్చేది మాటలాడే పిస్టల్ స్కిప్పీ. హేవుడ్ ప్రాంతంలోని విస్టా డెల్ రే సందులో దొరుకుతుంది. దొరకగానే రెండు మోడ్‌లలో ఒకటి ఎంచుకోమంటుంది: తలకు గురిపెట్టే స్టోన్ కోల్డ్ కిల్లర్, కాళ్లకు గురిపెట్టే పప్పీ లవింగ్ పాసిఫిస్ట్. మెలిక ఏమిటంటే, 50 మందిని కొట్టాక అది మీరు ఎంచుకున్నదానికి సరిగ్గా ఎదురు మోడ్‌కు శాశ్వతంగా మారిపోతుంది. చివరికి తలకే కాల్చాలంటే మొదట పాసిఫిస్ట్ ఎంచుకోవాలి. మారిపోయాక చేసేదేమీ లేదు. దీన్ని మీకు పనులు అప్పగించే రెజీనాకు తిరిగి ఇస్తే డబ్బొస్తుంది, తుపాకీ పోతుంది.

"ఫాంటమ్ లిబర్టీ కొన్నా, మొదలవ్వట్లేదు"

వూడూ బాయ్స్ ముఠా మిషన్ల వరుసలో ట్రాన్స్‌మిషన్ మిషన్ పూర్తయ్యేదాకా ఆ ఫోన్ రాదు. పూర్తి చేసి కాస్త తిరుగుతూ ఉండండి, సాంగ్‌బర్డ్ అనే పాత్ర కాల్ చేస్తుంది. ఓపిక లేకపోతే న్యూ గేమ్‌లో నేరుగా అక్కడి నుంచే మొదలుపెట్టే వీలుంది, లెవెల్ 15 పాత్ర ఇస్తారు. ఎంబర్స్ అనే చోట హనాకో అనే పాత్రను కలవడానికి వెళ్లేటప్పుడు మాత్రం జాగ్రత్త. అది దాటితే ముగింపే. క్రెడిట్స్ అయ్యాక గేమ్ మిమ్మల్ని ఆ గడప ముందటికే తెచ్చి వదులుతుంది.

"ఫ్లాట్‌లైన్డ్ అని చూపించి మూసుకుపోతోంది" / "జర్క్ కొడుతోంది"

గేమ్ క్రాష్ అయినప్పుడు వచ్చే సందేశం అది. ప్యాచ్ వచ్చిన మర్నాడే మొదలైతే నిందితుడు దాదాపుగా మోడ్‌లే (బయటివాళ్లు చేసిన మార్పులు). సైబర్ ఇంజిన్ ట్వీక్స్, రెడ్‌స్క్రిప్ట్ వంటివి ప్రతి పెద్ద ప్యాచ్‌కూ కొత్తవి దించుకోవాలి. ముందు సేవ్ ఫోల్డర్‌ను వేరేచోట కాపీ పెట్టుకోండి. తర్వాత మోడ్‌లన్నీ తీసి, స్టీమ్‌లో ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌లోకి వెళ్లి వెరిఫై చేయండి. అప్పుడు ఆగకుండా నడిస్తే మోడ్‌లు ఒక్కొక్కటీ తిరిగి పెట్టండి. మోడ్‌లు లేకపోయినా పడిపోతుంటే ఓవర్‌క్లాక్, అండర్‌వోల్ట్ తీసేయండి, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చండి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే బయోస్ 2024 ఆగస్టు తర్వాతిదా అని చూడండి. వోల్టేజ్ లోపానికి సరిదిద్దిన మైక్రోకోడ్ అప్పుడే వచ్చింది.

జర్క్ సంగతి వేరు. హార్డ్ డిస్క్ మీద పెట్టారా? 2.0 నుంచి కనీస అవసరాల్లోనే 70 జీబీ ఎస్ఎస్‌డీ, 12 జీబీ ర్యామ్ అని రాసి ఉంది. ఎస్ఎస్‌డీ ఉన్నా ఆగుతుంటే స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్‌ను సైకో నుంచి దించండి, వాల్యూమెట్రిక్ ఫాగ్ తగ్గించండి, రే ట్రేసింగ్ ఆపండి, తక్కువ రిజల్యూషన్‌ను పెంచి చూపే డీఎల్ఎస్ఎస్ లేదా ఎఫ్ఎస్ఆర్ పెట్టండి. డాగ్‌టౌన్‌లో మాత్రమే పడిపోతే భారం ప్రాసెసర్ మీద ఉన్నట్టు. అక్కడ గేమ్‌ప్లే ట్యాబ్‌లోని క్రౌడ్ డెన్సిటీ తగ్గిస్తేనే ఫలితం. మార్చిన ప్రతిసారీ సెట్టింగ్స్‌లోని బెంచ్‌మార్క్ నడిపి అంకె చూడండి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ల్యాప్‌టాప్ మీద వచ్చిన అంకె జనవరిలో వచ్చినదానికి సమానం కాదని గుర్తుంటే చాలు.

"ఎంపికలకు విలువ లేదు"

దీనికి సెట్టింగ్ లేదు. నోమాడ్, స్ట్రీట్ కిడ్, కార్పో అన్న మూడు మొదళ్లూ చిన్న ఉపోద్ఘాతాలు, ఆపైన అక్కడక్కడా కొన్ని అదనపు మాటలు, అంతే. ఆటలో వాహనం నడిపేటప్పుడు తప్ప మీ పాత్రను మూడో మనిషి చూపుతో చూసే వీలు కూడా ఇవ్వలేదు. ఈ అసంతృప్తి న్యాయమైనదే, 2.0 కూడా దీన్ని ముట్టుకోలేదు.

కొనేముందు స్టీమ్ రివ్యూలు చూస్తే గ్రాఫ్‌లో 2023 సెప్టెంబర్ తర్వాతి తేదీలు ఎంచుకుని చదవండి. ఇంకో చిక్కు కూడా ఉంది. ది హైస్ట్ అయ్యేదాకా వాట్సన్ అనే ప్రాంతం దాటి వెళ్లనివ్వరు, అది పూర్తవడానికే కొన్ని గంటలు పడుతుంది. స్టీమ్ రిఫండ్‌కు గడువు 14 రోజులు, ఆడినది రెండు గంటల లోపు. నగరం తెరుచుకోకముందే ఆ తలుపు మూసుకుపోతుంది. కుదుర్తుందో లేదో అన్న అనుమానముంటే గాగ్ (GOG) స్టోర్‌లో కొనండి, అక్కడ 30 రోజుల్లోపు ఆడినా వెనక్కి ఇవ్వొచ్చు.