మైనస్ 20లో ఆదివారం పరుగు: ఎడ్మంటన్‌కు కొత్తగా వచ్చినవారికి

తెలుగులో మంచు అన్న మాట ఒక్కటే. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డును కప్పేసేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆ ఒక్క మాటతో పని జరగదు. అడుగు వేస్తే కిర్రుమనే పొడిమంచు వేరు. బండ్లు తొక్కి నల్లబరిచిన బురదమంచు వేరు. పగలు కరిగి రాత్రి మళ్ళీ గట్టిపడిన గాజుమంచు వేరు. మొదటిదాని మీద పరుగెత్తవచ్చు, రెండోదాని మీద నడవవచ్చు, మూడోదాని మీద ఆ రెండూ చేయకూడదు. పేర్లు నేను పెట్టుకున్నవే. తేడాలు మాత్రం ఒక పరుగు బృందం నేర్పింది.

ఆ బృందానికి పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. మన సంఘాలను ఎరిగినవారికి ఈ చివరి మాట నమ్మబుద్ధి కాకపోవచ్చు. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు కిన్స్‌మెన్ క్రీడాకేంద్రం దగ్గర ఎవరు వస్తే వారే బృందం. డెబ్బై దాటిన స్థానికుడు ఒకాయన, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు, ఉక్రెయిన్ మూలాలున్న బడి టీచరు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, నేను. వేగం ఎవరూ అడగరు. వెనకబడిన వారి కోసం వంతెన మొదట్లో ఆగుతారు. అంతే నియమం. మీరు పరుగెత్తేవారు కాకపోయినా ఫరవాలేదు, నేనూ కాదు. విజయవాడలో ఉన్నన్నాళ్ళూ బస్సు వెనక తప్ప దేని వెనకా పరుగెత్తలేదు.

కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ అనే మాట ఒకటుంది: "చలికాలం పోనివ్వండి, అప్పుడు మొదలుపెడతాను." ఇక్కడ చలికాలం నవంబరు మొదట్లో వచ్చి ఏప్రిల్ దాకా కూర్చుంటుంది. అది పోయేదాకా ఆగితే ఏడాదిలో సగం తలుపు వెనకే గడిచిపోతుంది. నా సలహా దీనికి తలకిందులు. నవంబరులోనే, ఇంకా మైనస్ 5 ఉన్నప్పుడే బయటికి రండి. ఒంటికి చలి మెట్లమెట్లుగా అలవాటవుతుంది. జనవరిలో మైనస్ 25 నాడు మొదటిసారి బయటికి వచ్చినవారు రెండోసారి రావడం నేను చూడలేదు.

బట్టల సంగతి

నా మొదటి ఆదివారం నూలు బనియను, దాని మీద నూలు చొక్కా, పైన బరువైన జాకెట్, కింద జీన్స్ వేసుకుని వెళ్ళాను. చలి అంటే బరువైనది వేసుకోవాలన్నదే అప్పటికి నా జ్ఞానం. పది నిమిషాలకు చెమట పట్టింది. పరుగు అయిపోయింది, అందరూ వెళ్ళిపోయారు, నేను బస్సు కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డాను. తడిసిన నూలు బట్ట ఒంటికి అతుక్కుని ఎలా చల్లబడుతుందో ఆ ఇరవై నిమిషాల్లో తెలిసింది. అంతలో ఫోను కూడా ఆరిపోయింది. బయటి జేబులో పెట్టుకున్నాను మరి. చలికి బ్యాటరీ మనిషి కంటే ముందే చేతులెత్తేస్తుంది. ఫోను ఎప్పుడూ లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేచోట ఉండాలి.

మరుసటి వారం ఆ పెద్దాయన నన్ను పక్కకు పిలిచి వివరించిన పద్ధతి ఇది. ఒంటికి తగిలే పొర మెరీనో ఉన్నిదో పాలియెస్టర్‌దో కావాలి. నూలు మాత్రం వద్దు. దాని మీద వేడిని పట్టి ఉంచే రెండో పొర, ఆ పైన గాలిని ఆపే పలుచని జాకెట్. బయట ఎంత ఉందో దానికి పది డిగ్రీలు ఎక్కువ ఉన్నట్టు ఊహించుకుని వేసుకోవాలి. మొదటి పది నిమిషాలు కాస్త వణికితే సరిగ్గా వేసుకున్నట్టు. బయలుదేరేటప్పుడే వెచ్చగా ఉందంటే దారిలో తడిసిపోతారు.

చేతులకు వేళ్ళు విడిగా ఉండే గ్లవ్స్ కంటే వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్లు మేలు, వేళ్ళు ఒకదానినొకటి వెచ్చబరుచుకుంటాయి. తలకు, మెడకు, ముక్కుకు కలిపి ఇక్కడివారు తొడుక్కునే బాలక్లావా అచ్చంగా మన మంకీ క్యాపే. హైదరాబాదులో 15 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టే మామయ్యను చూసి నవ్వినవాడిని, ఇక్కడ రెండు కొనుక్కున్నాను. ముక్కుపుడక, చెవిదిద్దులు ఉన్నవారు బాగా చలిగా ఉన్న రోజున తీసి రావడం మంచిది. లోహం చలిని నేరుగా చర్మానికి అందిస్తుంది. బుగ్గలకు వాజిలైన్ రాయండి. కొబ్బరినూనె ఇక్కడ సీసాలోంచి రాదు, చెంచాతో తవ్వుకోవాలి.

అన్నీ కొత్తవి కొననక్కరలేదు. పాత సామాన్ల దుకాణాల్లో మంచి ఉన్ని బట్టలు దొరుకుతాయి, కొత్తవాటి మీద డిసెంబరు 26 నుంచి తగ్గింపులు ఉంటాయి. బూట్ల దగ్గర, సాక్సుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బూట్ల అడుగున తగిలించుకునే మేకుల పట్టీ ఒకటి సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు మానాలి

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రతతో పాటు విండ్‌చిల్ అని మరో అంకె ఉంటుంది. మీకు ముఖ్యమైనది అదే. మైనస్ 20 ఉన్న రోజు గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 30 లెక్క. ఆ స్థాయిలో కప్పని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. మైనస్ 40 దాటితే ఐదు నుంచి పది నిమిషాలు చాలు. మా బృందం లెక్క సులువు: విండ్‌చిల్ మైనస్ 30 దాకా మామూలు పరుగు, ఆ తరువాత సగం దూరం, మైనస్ 35 దాటితే క్రీడాకేంద్రం లోపలి పరుగుబాట, లేదంటే కాఫీ. కాఫీకి ఓటు వేసేవారే ఎక్కువ.

అయితే మా బృందంలో ఇప్పటిదాకా ఎముక విరిగిన ఇద్దరూ గడ్డు చలి రోజుల్లో పడలేదు. ఇద్దరూ సున్నా దగ్గర, ఎండ కాసిన రోజునే జారిపడ్డారు. మైనస్ 20లో మంచు పొడిగా ఉండి కాలికి పట్టు దొరుకుతుంది. మధ్యాహ్నం ప్లస్ 2, రాత్రి మైనస్ 8 అయితే మర్నాడు కాలిబాటంతా గాజే. కొత్తవారు మైనస్ 25ను చూసి భయపడతారు, ప్లస్ 2ను చూసి సంబరపడతారు. భయపడాల్సింది రెండోదానికి. అలాంటి రోజున పెంగ్విన్‌లా చిన్న అడుగులు వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు.

మరో మాట. వెళ్ళేటప్పుడు ఎదురుగాలిలో వెళ్ళి, వచ్చేటప్పుడు గాలిని వీపుకు పెట్టుకుని రావాలి. ముందు చెమట పట్టి తరువాత ఎదురుగాలిలో తిరిగి రావడం అన్నిటికంటే చెడ్డది. వేలు తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దవద్దు, మరిగే నీళ్ళలో ముంచవద్దు. లోపలికి వెళ్ళి గోరువెచ్చని నీళ్ళలో పెట్టండి. ఎంతసేపటికీ రంగు తిరిగి రాకపోతే 811కు ఫోను చేస్తే నర్సు మాట్లాడుతుంది. ఉబ్బసం ఉన్నవారు ముందే వైద్యుడిని అడిగి రావాలి. చల్లటి పొడిగాలికి పరుగు తరువాత కాసేపు దగ్గు రావడం మామూలే, నోటికి అడ్డంగా గుడ్డ కట్టుకుంటే తగ్గుతుంది.

మా మామూలు చుట్టు ఇది: కిన్స్‌మెన్ దగ్గర బయలుదేరి వాల్టర్‌డేల్ వంతెన మీదుగా నార్త్ సస్కాచెవాన్ నది దాటి, ఉత్తరపు ఒడ్డున విక్టోరియా పార్కు పక్కనుంచి పడమరకు వెళ్ళి, గ్రోట్ రోడ్డు వంతెన మీద మళ్ళీ ఇవతలికి వచ్చి, 1913లో కట్టిన హై లెవెల్ వంతెన కిందుగా వెనక్కి. కొందరికి ముప్పావుగంట, నాకు గంట పైనే. నది గడ్డకట్టి దాని మీద కుందేళ్ళ అడుగులు కూడా కనిపిస్తాయి. కుందేలు నడిచిందని మీరు నడవవద్దు. కింద ప్రవాహం ఆగదు, పైన మంచు మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. చలి బాగా ముదిరిన రోజున గాలిలోని తేమ అంతా కొమ్మలకు పట్టి లోయ మొత్తం దూది ఏకినట్టు కనిపిస్తుంది. ఆ రోజు ఎవరూ వేగంగా పరుగెత్తరు. కనురెప్పల మీద కూడా తెల్లగా పట్టేస్తుంది, చేత్తో లాగవద్దు, అరచేయి అడ్డుపెడితే కరుగుతుంది.

చీకటి

చలి గురించి అందరూ హెచ్చరిస్తారు, చీకటి గురించి ఎవరూ చెప్పరు. డిసెంబరు మూడోవారంలో సూర్యుడు పొద్దున్న దాదాపు 8:50కి వచ్చి సాయంత్రం 4:15కు వెళ్ళిపోతాడు. ఆఫీసుకు చీకట్లో వెళ్ళి చీకట్లోనే తిరిగి వస్తారు. మూడు వారాలు అలా గడిచాక ఏ కారణమూ లేకుండా మనసు బరువెక్కుతుంది. నిద్ర చాలదు, ఇంటికి ఫోను చేయబుద్ధి కాదు. నాకు రెండో శీతాకాలంలో అలా జరిగింది, బద్ధకం అనుకున్నాను. రెండు ఆదివారాలు వెళ్ళకపోతే మూడోవారం మా బృందంలోని నర్సు ఫోను చేసి పరుగు సంగతే ఎత్తకుండా, మధ్యాహ్నం భోజనం వేళ బయట నడుస్తున్నావా అని అడిగింది. అప్పటినుంచి పన్నెండున్నరకు ఇరవై నిమిషాలు ఆకాశం కింద ఉండటం మానలేదు. విటమిన్ డి గురించి మీ వైద్యుడిని అడగండి. మనసు మరీ కుంగితే దాచుకోకండి, 211కు ఫోను చేస్తే సహాయం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

సాయంత్రం నడిచేవారికి, పరుగెత్తేవారికి తలదీపం, మెరిసే పట్టీ తప్పనిసరి. నల్ల కోటు వేసుకున్న మనిషి కారు నడిపేవారికి కనబడడు.

ఇల్లు, వంటిల్లు, కారు

హీటరు గాలి ఇంటిని ఎండబెడుతుంది. ముక్కులోంచి రక్తం, పగిలిన మడమలు, తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చిటుక్కుమనే చిన్న షాకు. ఇవి రోగాలు కావు, పొడిగాలి. పడకగదిలో గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్ పెట్టుకోండి. మన వంటల ఆవిరి కిటికీ అద్దాలకు పట్టి గడ్డకడుతుంది, వంట చేసేటప్పుడు ఫ్యాను వేసి, అద్దాలు తుడవండి. దోసెల పిండి రెండు రోజులైనా పొంగదు, పెరుగు తోడుకోదు. ఓవెన్ వెలిగించకుండా, లోపలి దీపం మాత్రం వేసి గిన్నె అందులో పెడితే పొద్దుటికి రెండూ దారికొస్తాయి. తలుపుకు కాగితం అంటించండి, లేకపోతే ఇంట్లో మరొకరు ఓవెన్ వెలిగిస్తారు. మా ఇంట్లో వెలిగించారు.

ఎవరింటికి వెళ్ళినా చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి, ఈ విషయంలో కెనడావారు మనవాళ్ళే. కాబట్టి చిరిగిన సాక్సులతో విందుకు వెళ్ళకండి. ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీయడం ఇంటివారి బాధ్యత. జారకుండా చల్లుకునే ఇసుకను నగరపాలక సంస్థ ఊరంతా పెట్టెల్లో ఉచితంగా పెడుతుంది, బకెట్ తీసుకెళ్ళండి.

కారు కొంటే ముందు భాగంలోంచి వేలాడే ప్లగ్గును చూసి రిపేరు అనుకోకండి. అది ఇంజన్ను వెచ్చబరిచే బ్లాక్ హీటరు తీగ. మైనస్ 20 దిగితే బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు కరెంటుకు తగిలించాలి. చలికాలపు టైర్లు ఇక్కడ చట్టం అడగదు, మీరే వేసుకోవాలి. కారులో దుప్పటి, పార, ఇంకో జత మిటెన్లు ఉండాలి.

సంక్రాంతి మైనస్ 28లో వచ్చిన ఏడు నేను బృందానికి సున్నుండలు తీసుకెళ్ళాను. భోగి గురించి చెబుతుంటే బడి టీచరు ఆశ్చర్యపోయింది. పాత కాలమానం ప్రకారం వాళ్ళ మలాంకా పండుగ కూడా జనవరి 13 రాత్రే. ఉక్రెయిన్ రైతులు 1890లలోనే ఎడ్మంటన్ ఉన్న ఈ అల్బర్టా రాష్ట్రానికి వచ్చి స్థిరపడ్డారు, ఆ పండుగను ఇక్కడ ఇప్పటికీ హాళ్ళు అద్దెకు తీసుకుని చేస్తారు. వాళ్ళ క్రిస్మస్ పూట వండే కుట్యాలో గోధుమలు, తేనె, గసగసాలు ఉంటాయి. మరుసటి వారం ఒక డబ్బా తెచ్చింది. మా ఆవిడ రుచి చూసి, యాలకులు మరిచిపోయారంది.

మార్చిలో ఒక వారం ఎండ కాస్తే జాకెట్లు అటక మీదికి ఎక్కించకండి, మే నెలలో కూడా మంచు పడటం నేను చూశాను. మొదటిసారి వచ్చేటప్పుడు సంచిలో పొడి బనియను, పొడి సాక్సులు, ఫ్లాస్కులో టీ పెట్టుకోండి. బాటిల్లో నీళ్ళు పెడితే దారిలోనే గడ్డకడతాయి. తొమ్మిదిన్నరకల్లా క్రీడాకేంద్రం తలుపు లోపలే నిలబడండి, బయట కాదు. ఎర్ర మంకీ క్యాప్ కనబడితే పలకరించండి, అది నేనే.