పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్ కొత్త టీవీలో మసకగా ఉందా? ముందు అది ఫిల్మా, టేపా చూడండి

మా పర్లాకిమిడిలో పాత వీడియో క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తాను, వచ్చేవన్నీ ఎక్కువగా పెళ్ళి క్యాసెట్లే, పాతపట్నం నుంచీ గుణుపురం నుంచీ కూడా బస్సులో పంపిస్తారు. కానీ నా మనసు పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్స్ మీద. 1998లో దూరదర్శన్‌లో కెప్టెన్ వ్యోమ్ వస్తుంటే మా మావయ్య వీసీఆర్‌లో రికార్డ్ చేసీవారు, ఆ క్యాసెట్లు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. స్టార్ ట్రెక్ లాంటి అమెరికా సీరియల్స్ డిస్కుల మీద తర్వాత దొరికాయి. ఇంట్లో 43 అంగుళాల టీవీ వచ్చాక అందరూ అడిగేది ఒకటే మాట, "అప్పుడు ఎంత బాగుండీది, ఇప్పుడేటి ఇలగుంది?" అని. అందుకే రాస్తున్నాను. ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ఒక్కటి తెలుసుకోండి, అది దేనిమీద తీశారు, దేనిమీద ఎడిట్ చేశారు. మందు దాన్ని బట్టే ఉంటుంది.

సమస్య: సీరియల్ మొత్తం మసక, ఎంత దగ్గరికెళ్ళినా వివరం లేదు

స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్‌నే తీసుకోండి. 1987 నుంచి 1994 దాకా 178 ఎపిసోడ్లు, తీసింది 35 ఎంఎం ఫిల్మ్ మీదే, అంటే హెచ్‌డీకి సరిపోయే వివరం మొదటి రోజు నుంచీ అందులో ఉంది. కానీ ఖర్చూ టైమూ కలిసొస్తాయని ఎడిటింగూ ఎఫెక్టులూ వీడియో టేప్ మీద చేశారు, టేపంటే అమెరికా లెక్కలో కనిపించే గీతలు 480, అంతే. డీవీడీలో మనం చూసింది ఆ టేపే. దాన్ని ఎంత సాగదీసినా హెచ్‌డీకి కావాల్సిన 1080 గీతల వివరం ఎక్కడ్నుంచి వస్తుంది చెప్పండి.

అదే 1966-69ల మొదటి స్టార్ ట్రెక్, 79 ఎపిసోడ్లు, చివరిదాకా ఫిల్మ్ మీదే పూర్తి చేశారు, కాబట్టి ఆ ఫిల్మ్‌ని స్కాన్ చేస్తే హెచ్‌డీ వచ్చేసింది. చిన్నోడి కంటే పెద్దోడే బాగా కనబడటానికి కారణం ఇదే.

నెక్స్ట్ జనరేషన్‌కి వాళ్ళు చేసిన పని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. అసలు నెగటివ్‌లు బయటికి తీసి, మళ్ళీ స్కాన్ చేసి, ప్రతి ఎపిసోడ్నీ పాత టేప్ పక్కన పెట్టుకుని షాట్ షాట్‌గా మళ్ళీ ఎడిట్ చేశారు. అంతరిక్ష నౌక షాట్లయితే ఇంకా కష్టం. ఎంటర్‌ప్రైజ్ అనే ఆ నౌక ఎగిరే ఒక్క షాట్ ఒక్క ఫిల్మ్ కాదు, ఆ బొమ్మ నౌకని అదే కెమెరా అదే దారిలో మళ్ళీ మళ్ళీ నడిపి తీశారు, ఒకసారి నౌక ఒళ్ళు, ఒకసారి కిటికీల్లో దీపాలు, ఒకసారి వెనకది కత్తిరించడానికి ఉత్త ఆకారం. ఇవన్నీ కలిసింది టేప్ మీద మాత్రమే. అంటే కలిసిన ఆ షాట్ ఫిల్మ్ మీద ఎక్కడా లేదు, ముక్కలు వెతికి తెచ్చి కంప్యూటర్‌లో మళ్ళీ కలపాల్సొచ్చింది. 2012 నుంచి 2014 దాకా ఏడు సీజన్లూ బ్లూరే మీద వచ్చాయి. కొన్ని చిన్న చిన్న ముక్కలు దొరక్క అక్కడ టేప్ బొమ్మనే పెద్దది చేసి వేశారు, అందుకని మధ్యలో ఒక షాట్ ఉన్నట్టుండి మెత్తబడితే మీ టీవీని అనుమానించకండి.

పరిష్కారం: ఫిల్మ్ నుంచి మళ్ళీ చేసిన ఎడిషన్ ఉందేమో చూసి అదే కొనండి. డీప్ స్పేస్ నైన్, వాయేజర్ అనే తర్వాతి స్టార్ ట్రెక్ సీరియల్స్ కూడా ఫిల్మ్ మీద తీసి టేప్ మీద ఎడిట్ చేసినవే, వాటికి ఇలా పూర్తి సీరియల్ మళ్ళీ చెయ్యలేదు. కాబట్టి వాటిని హెచ్‌డీ అని ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఇస్తే అది సాగదీసిందే.

సమస్య: మనుషులు బాగున్నారు, నౌక వచ్చిందంటే మసక

బాబిలన్ 5 అనే ఇంకో అంతరిక్ష సీరియల్‌లో ఇదే గొడవ. మనుషులు ఫిల్మ్ మీద, నౌకలు కంప్యూటర్ బొమ్మలు, ఆ బొమ్మల్ని అప్పటి టీవీ సైజులోనే తయారు చేశారు. వాటికి నెగటివ్ అనేది లేదు. మళ్ళీ మొదట్నుంచి బొమ్మ చేస్తే తప్ప మందు లేదు, పెద్దది చేసి సరిపెట్టుకోవడమే. డీవీడీలో ఆ షాట్లని వైడ్ స్క్రీన్ కోసం పైనా కిందా కోసి ఇంకా పాడు చేశారు, తర్వాత వచ్చిన 4:3 (పాత టీవీ ఆకారం) ఎడిషన్ చూడండి, చాలా మేలు.

సమస్య: కదిలేటప్పుడు దువ్వెన పళ్ళలాగ గీతలు

ఇది నేను రోజూ చూసేది. పాజ్ చెయ్యండి. చెయ్యి ఊపుతున్న మనిషి చేతి అంచు దగ్గర సన్నటి అడ్డగీతలు పళ్ళు పళ్ళుగా కనిపిస్తాయి, ఆ మనిషి ఆగిన క్షణంలో మాయమైపోతాయి. టేప్ ఒక బొమ్మని రెండు సగాలుగా దాస్తుంది, సరి గీతలొకసారి, బేసి గీతలొకసారి. పాత డబ్బా టీవీ వాటిని అలాగే వేసీది కాబట్టి తెలిసీది కాదు, ఇప్పటి టీవీ రెండిటినీ ఒకేసారి చూపిస్తుంది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, అన్నిటికీ ఒకే డీఇంటర్లేస్ (ఈ సగాల్ని పూర్తి బొమ్మలుగా మార్చే పని) నొక్కేస్తారు. వీడియో కెమెరాతో తీసిందైతే, మన దూరదర్శన్ రికార్డింగ్ లాంటిదైతే, క్యూటీజీఎంసీ గానీ బీడబ్ల్యూడిఫ్ గానీ, అలాంటి డీఇంటర్లేస్ ఫిల్టర్ వాడి సెకనుకి 50 ఫ్రేములు చెయ్యండి, 25కి కుదిస్తే కదలికలో సగం పోతుంది. ఫిల్మ్ మీద తీసిన అమెరికన్ డీవీడీ అయితే అలా చెయ్యకూడదు. ఒక్కో ఫ్రేమ్ ముందుకి జరపండి, మూడు శుభ్రంగా, రెండు పళ్ళతో, మళ్ళీ మూడు, రెండు, ఇలగ వరస కనిపిస్తే అది సెకనుకి 24 ఫ్రేముల ఫిల్మ్‌ని 30కి సాగదీసింది. దానికి ఇన్వర్స్ టెలిసినీ చెయ్యాలి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఫీల్డ్‌మ్యాచ్, డెసిమేట్ అనే రెండు ఫిల్టర్లు ఉంటాయి, అసలు 24 ఫ్రేములు తిరిగొస్తాయి. టేప్ మీద ఎడిట్ చేసినవాటిలో కట్ దగ్గర ఈ వరస మారిపోతుంటుంది, ఓపిగ్గా చూసుకోవాలి.

సమస్య: గొంతులు కాస్త సన్నగా, అంతా తొందరగా

24 ఫ్రేముల ఫిల్మ్‌ని 25 ఫ్రేముల పాల్ టీవీ (మన దేశంలోనూ ఉన్న పద్ధతి) కోసం అలాగే పరిగెత్తించారు, 4 శాతం ఫాస్ట్. ఫైల్‌ని మళ్ళీ 24కి నెమ్మది చేసి ఆడియోని కూడా అంతే తగ్గించండి.

సమస్య: ముఖాలు మైనం బొమ్మల్లా ఉన్నాయి

టీవీలో నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్, షార్ప్‌నెస్ మూడూ తగ్గించండి. ఫిల్మ్ మీద కదిలే ఆ రేణువులు మురికి కాదు, బొమ్మ వాటితోనే తయారైంది, వాటిని తుడిస్తే చర్మం మీద గీతలూ బట్టల నేతా వాటితోపాటే పోతాయి. ఏఐతో పెద్దవి చేసిన ఫైళ్ళలో కూడా ఇదే, దగ్గర ముఖం బాగుంటుంది, దూరంగా నిలబడినవాళ్ళకి కళ్ళు కరిగిపోయి ఉంటాయి, కంట్రోల్ ప్యానెల్ మీది అక్షరాలు ఏ భాషకీ చెందవు. నాకైతే కాస్త మసకగా ఉన్నా నిజమైన ముఖమే కావాలి.

సమస్య: మనుషులు బొద్దుగా, లేదా తలలు తెగి

4:3 బొమ్మని సాగదీస్తున్నారు, లేదా జూమ్‌లో పెట్టారు. టీవీలో 4:3 పెట్టి పక్కన నల్ల పట్టీలు ఉండనివ్వండి. నెక్స్ట్ జనరేషన్ బ్లూరేని కూడా 4:3లోనే ఉంచారు, ఎందుకంటే పక్కలకి జరిగితే లైట్ స్టాండ్లూ సెట్ అంచులూ కనబడతాయి.

సమస్య: పాత క్యాసెట్ లోపల తెల్లగా ఏదో ఉంది

మా వైపు వాళ్ళకి అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. మహేంద్రగిరి వైపు మబ్బు పట్టి నాలుగు రోజులు ముసురేస్తే గోడలే చెమరుస్తాయి, బీరువాలో క్యాసెట్ ఎంత. క్యాసెట్ కిటికీని వెలుతురులో పట్టుకుని చూడండి, చుట్ట అంచు మీద బియ్యప్పిండి చల్లినట్టు కనిపిస్తే అది బూజు. దాన్ని వీసీఆర్‌లో పెట్టొద్దు. మావయ్య క్యాసెట్ ఒకటి సిటీలో ఒక షాపుకి ఇచ్చాను, వాళ్ళు చూడకుండా నేరుగా ప్లే చేసేశారు, టేప్ పొడుగునా గీత పడింది, ఆ ఎపిసోడ్‌లో ఇప్పుడు తెర మీద నిలకడగా ఒక తెల్ల చార. అది ఇక పోదు.

పరిష్కారం: గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి క్యాసెట్‌ని కొన్ని వారాలు ఆరనివ్వండి, ఎండలో పెట్టొద్దు. ఆరాక ఆరుబయట, మాస్క్ కట్టుకుని, నూలు రాలని మెత్తటి గుడ్డ మధ్య నుంచి టేప్‌ని నెమ్మదిగా తిప్పండి. తర్వాత ఒక్కసారి ప్లే చేసి ఆ ఒక్కసారిలోనే 720×576లో క్యాప్చర్ చెయ్యండి, బొమ్మ పైభాగం వంగుతుంటే టైమ్ బేస్ కరెక్టర్ (గీతల వంకర సరిచేసే పెట్టె) గుండా పంపండి. ప్రతి బూజు క్యాసెట్ తర్వాతా వీసీఆర్ హెడ్ (టేప్‌ని చదివే భాగం) శుభ్రం చెయ్యాలి, లేకపోతే పక్క క్యాసెట్‌కి అంటుతుంది. ఈ వీహెచ్ఎస్ క్యాసెట్లలో దాదాపు 240 గీతల వివరమే ఉంటుంది కాబట్టి హెచ్‌డీ ఆశించకండి, ఉన్నది పోకుండా తీసుకోండి చాలు.

మావయ్యవి ఇంకా మూడు క్యాసెట్లు డబ్బాలోనే ఉన్నాయి, వానలు తగ్గాక తెరుస్తాను.