విమానం కుదుపులను విండీ మ్యాపులో ముందే పసిగట్టడం ఎలా

సోంపేట, బొబ్బిలి వైపుల నుంచి విశాఖ వెళ్లి విమానం ఎక్కేవాళ్లు చాలామంది విండీ అనే వాతావరణ మ్యాపు సైటులో నేలమీది గాలి చూసి బెంగపడతారు. లేచేటప్పుడూ దిగేటప్పుడూ తప్ప దానితో పని లేదు.

గాలి లేయర్ తెరిచి, ఎత్తు మార్చే మీటను 250 హెచ్‌పీఏ (ఎత్తును గాలి ఒత్తిడితో చెప్పే కొలత) దగ్గర పెట్టండి. అది దాదాపు 34,000 అడుగులు, పెద్ద విమానాలు ఎగిరే ఎత్తు. వేగాన్ని నాట్లలోకి (గంటకు ఒక నాటికల్ మైలు ఒక నాట్) మార్చుకోండి. మీ దారిలో ఏదో ఒకచోట అంకె రాసుకుని, అదే చోట 300 హెచ్‌పీఏ, అంటే 30,000 అడుగుల దగ్గర చూడండి. రెండింటికీ తేడా 20 నాట్లు దాటితే కుదుపులకు అవకాశం ఉంది. గాలి ఎంత జోరుగా ఉన్నా ఒకే తీరున వీస్తే విమానం కుదురుగానే పోతుంది. చలికాలంలో ఢిల్లీ వెళ్లేవాళ్లకు ఈ పరీక్ష ముఖ్యం. అప్పుడు ఉత్తరాదిన పడమటి జెట్ గాలి, అంటే బాగా ఎత్తున పడమటి నుంచి ఏరులా వీచే గాలి, బలంగా ఉంటుంది, దాని అంచుల్లో మబ్బు తునక లేకుండానే ఊపేస్తుంది.

ఎండాకాలం లెక్క వేరు. మార్చి నుంచి మే దాకా మన పేచీ ఉరుముల మబ్బులతోనే. కేప్ లేయర్‌లో (మబ్బులు పైకి లేవడానికి గాలిలో ఎంత శక్తి ఉందో చూపేది) అంకె 2,500 దాటిందని కంగారు వద్దు. బంగాళాఖాతం తేమ వల్ల మన తీరంలో మే నెలలో అది తరచూ ఎక్కువే. పైన వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటే ఒక్క మబ్బూ లేవదు. సాలూరు, పార్వతీపురం కొండల దగ్గర మధ్యాహ్నం ఆ మూత తెరుచుకుంటే, సాయంత్రానికి మబ్బులు తీరానికి దిగడం మామూలే. ఎక్కడ లేస్తాయో విండీ వాడే కంప్యూటర్ మోడల్ కచ్చితంగా చెప్పలేదు; ఈసీఎండబ్ల్యూఎఫ్ అనే యూరప్ మోడల్ లెక్కగట్టే ఒక్కో గడి దాదాపు 9 కిలోమీటర్లు, ఒక్కో మబ్బు అంతకన్నా చిన్నది. అందుకే బయల్దేరే రోజు వాతావరణ శాఖ సైటులో విశాఖ డాప్లర్ రాడార్ బొమ్మలు వరసగా రెండు మూడు చూడండి. 40 డీబీజెడ్ (వాన జోరును రాడార్ చూపే కొలత) దాటిన ముద్దలు ఎటు కదులుతున్నాయో తెలుస్తుంది. పైలట్లు పెద్ద ఉరుముల మబ్బుకు 20 నాటికల్ మైళ్ల దూరం ఇస్తారు కాబట్టి, కుదుపుల కంటే ఆలస్యమే ఎక్కువ.

విండీలో విమానాశ్రయం గుర్తు నొక్కితే మెటార్, అంటే ఆ విమానాశ్రయంలో నమోదైన వాతావరణ నివేదిక, వస్తుంది. అందులో టీఎస్ ఉంటే ఉరుములు, సీబీ ఉంటే ఉరుముల మబ్బు. గాలి అంకె తర్వాత జీ 30 అని ఉంటే 30 నాట్ల విసురు. మెటార్‌లో టైము గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలపాలి. 0900 అంటే మన మధ్యాహ్నం రెండున్నర. ఇది మరిచి పాత వానకు కొత్తగా భయపడేవాళ్లే ఎక్కువ.

టర్బ్లీ వంటి సైట్లు ఈడీఆర్ (గాలిలో సుడుల జోరును చెప్పే అంకె) ఆధారంగా కుదుపులు లెక్కగడతాయి. అంతర్జాతీయ కొలమానంలో ఈడీఆర్ 0.20 దాటితే మధ్యస్థం, 0.45 దాటితే తీవ్రం. మధ్యస్థం కనిపిస్తే రెక్కల మీది వరసలో సీటు తీసుకోండి. తోక దగ్గర ఊపు ఎక్కువ.