కువైట్ యుద్ధం నుంచి వచ్చిన మీ ఇంటివాళ్ళ కథ రాసి పెట్టుకోవడం ఎలా

ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఏ ఊరికి పోయినా 1990లో కువైట్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు ఒకరైనా కనిపిస్తారు. ఇప్పుడు వాళ్ళు పెద్దవాళ్ళైపోయారు. మనవళ్ళకు తెలిసిందల్లా "యుద్ధమొస్తే విమానంలో వచ్చేసినారంట" అన్న ఒక్క ముక్కే. మిగతాది వాళ్ళు ఉండగానే రాసి పెట్టుకోవాలి అనుకునేవాళ్ళ కోసం ఇది.

అడిగే ముందు మీరు కొంచెం తెలుసుకుని కూర్చోండి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది 1990 ఆగస్టు 2, గురువారం. అప్పటికి అక్కడ మన దేశం వాళ్ళు దాదాపు లక్షా డెబ్బై వేల మంది ఉన్నారు. ఎక్కువ మంది బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరుకుని, ఎండలో గుడారాల్లో పడి ఉండి, అమ్మాన్ నుంచి బొంబాయికి విమానమెక్కారు. ఆగస్టు 13 నుంచి అక్టోబర్ 11 దాకా ఎయిరిండియా విమానాలు 488 సార్లు తిరిగాయి. బొంబాయిలో మద్రాసు రైలెక్కితే గుంతకల్లు, తాడిపత్రి దాటి కడప. ఈ దారి మ్యాప్‌ను పెద్దగా ప్రింట్ తీసి ముందు పెట్టండి, వేలు పెట్టి చూపిస్తూ వాళ్ళే మొదలుపెడతారు.

తేదీలు అడగొద్దు, ఎవరికీ గుర్తుండవు. పండుగలతో అడగండి. ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 3న, అంటే కువైట్ పడిపోయిన మర్నాడే. పీర్ల పండుగ కూడా ఆ వారమే. వినాయక చవితి ఆగస్టు నాలుగో వారంలో, దసరా సెప్టెంబర్ 29న, దీపావళి అక్టోబర్ 18న వచ్చాయి. "జేజీ (నాయనమ్మా), చవితికి ఇంటికొచ్చినావా, ఇంకా బాగ్దాద్‌లోనే ఉన్నావా?" అని అడిగి చూడండి, జవాబు ఠక్కున వస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టి అడగడం. మన దగ్గర చాలా ఇళ్ళల్లో భార్య ఒక సేటు (పని ఇచ్చిన కువైటీ యజమాని) ఇంట్లో ఖద్దామా (పనిమనిషి), భర్త ఇంకో ఇంట్లో డ్రైవర్, ఒకే ఊళ్ళో ఉన్నా వారానికోసారి చూసుకునే బతుకు. ఇద్దరినీ కలిపి అడిగితే అబ్బ (తాత) ఒక్కడే మొత్తం చెప్పేస్తాడు, జేజి పక్కన తలూపుతూ ఉంటుంది, చివరికి మీ దగ్గర మిగిలేది ఒక్కరి కథే. ఆమెను అడగాల్సినవి వేరు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండింది? సేటు వాళ్ళు పారిపోతూ నిన్ను ఏం చేసినారు? దారిలో ఏం తిన్నావు, నీళ్ళు ఎవరిచ్చినారు? పిల్లలు ఊళ్ళో ఎవరి దగ్గర ఉండినారు? అడిగాక కాసేపు నోరు మూసుకుని కూర్చోండి. ఏడిస్తే ఫోన్ ఆపేసి టీ పెట్టండి, మిగతాది ఇంకోనాడు అడగొచ్చు.

రికార్డింగుకు ఖరీదైనదేమీ అక్కర్లేదు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి దగ్గరగా ఉంచండి, ఫ్యాన్ ఆపండి. మే నెలలో మన కడపలో ఫ్యాన్ ఆపమంటే జేజి మిమ్మల్ని బయటికి తోస్తుంది కాబట్టి తెల్లారుజామున కూర్చోవడమే మేలు.

ఆ తర్వాత పెట్టె దింపించండి. పాత పాస్‌పోర్టులో ఇరాక్, జోర్డాన్ ముద్రలు ఉంటాయి. పాస్‌పోర్టు సేటు దగ్గరే చిక్కుకుపోయినవాళ్ళకు రాయబార కార్యాలయం ఇచ్చిన తాత్కాలిక కాగితం ఉండొచ్చు. చెల్లని కువైట్ దినార్లు కూడా దొరకొచ్చు, ఇరాక్ వాటిని రద్దు చేసేసింది కదా, కూడబెట్టిందంతా కాగితమైపోయింది. పరిహారం ఫారాల నకళ్ళు ఉన్నాయేమో తప్పక వెతకండి. ఐక్యరాజ్యసమితి 1991లో జెనీవాలో పరిహార కమిషన్ పెట్టింది, ప్రభుత్వం ద్వారా దరఖాస్తు చేసుకుంటే, కువైట్ వదిలి రావాల్సి వచ్చినందుకు ఒక్కో మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు, వేరే నష్టాలేవీ అడగకుంటే ఇంకా ఎక్కువ ఇచ్చారు. ఆ ఫారంలో ఎప్పుడు బయలుదేరారో కూడా రాసి ఉంటుంది, పండుగలతో మీరు వేసిన లెక్కను దాంతో సరిచూసుకోవచ్చు. కాగితాలకు లామినేషన్ మాత్రం చేయించొద్దు. స్కాన్ తీసి, విడివిడి కవర్లలో పెట్టండి. ఆ రోజుల్లో ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాటలు నింపి పంపేవాళ్ళు, అవి దొరికితే మీ అదృష్టం. బూజు పట్టిందేమో చూసి, లేకుంటేనే ప్లేయర్‌లో వేసి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు కలిపి కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

చాలామంది విమానం దిగగానే కథ ఆపేస్తారు. అక్కడ ఆపొద్దు. 1991 ఫిబ్రవరిలో కువైట్ విడుదలయ్యాక వీళ్ళలో ఎంతోమంది మళ్ళీ అక్కడికే పోయారు. ఎందుకు పోయినారో అడగండి. వీసా కోసం చేసిన అప్పు ఎంత, వడ్డీ ఎంత, బోరు ఎన్నిసార్లు ఎండింది, కూతురి పెళ్ళికి ఏం అమ్మినారు? రెండోసారి పోయినప్పుడు అకామా (అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి) ఎవరి పేరు మీద, సెలవు దొరికితే మాలియాకు (కువైట్ సిటీలో మనవాళ్ళు కలుసుకునే చోటు) పోయి ఎవరిని కలిసేవాళ్ళు, పిల్లలు వీళ్ళను గుర్తుపట్టింది ఎప్పుడు? నా లెక్కలో మీ ఇంటి మిద్దె ఎలా లేచిందో తెలిసేది ఇక్కడే, విమానం కథలో కాదు.

అంతా అయ్యాక రెండు కాపీలు చేసి ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చిన్నాయన ఇంట్లో పెట్టండి. వాట్సాప్‌లో పంచేముందు పాస్‌పోర్టు నంబర్లు, బ్యాంకు ఖాతాలు కనబడకుండా చేయండి, సేటు ఇల్లు వదిలి పారిపోయి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్ళకు రాయబార కార్యాలయం ఇచ్చే ప్రయాణ కాగితం) మీద వచ్చిన సంగతులేమైనా ఉంటే చెప్పిన మనిషిని అడక్కుండా ఎవరికీ పంపొద్దు.