జనవరిలో లీగ్ టూ టేబుల్ ఎలా చదవాలి (వాల్సాల్ పైకెళ్ళిపోయింది అని బిర్యానీ పందెం కాసినోడి మాట)

2025 జనవరిలో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లోని లీగ్ టూ టేబుల్ చూసి మా వాడితో అన్నా, మామా వాల్సాల్ క్లబ్ పైకెళ్ళిపోయినట్టే, ఇంక పై మెట్టు లీగ్ వన్‌కి సామాన్లు సర్దుకోవడమే, కావాలంటే బిర్యానీ పందెం అని. 12 పాయింట్ల లీడ్ ఉంది మరి, ఎవడైనా అదే అంటాడు. మే నెలకి వాల్సాల్ నాలుగో ప్లేస్‌లో ఆగింది, ప్లేఆఫ్ ఫైనల్ కూడా పోయింది, బిర్యానీ డబ్బులు నా జేబులోంచి పోయాయి. అప్పట్నుంచి సీజన్ సగంలో టేబుల్ చూసే పద్ధతి మార్చుకున్నా, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రీమియర్ లీగ్, దాని కింద చాంపియన్‌షిప్, దాని కింద లీగ్ వన్, ఆ కింద లీగ్ టూ, అంటే పేరులో రెండు ఉన్నా ఇది నాలుగో మెట్టు. 24 టీములు, ఒక్కోదానికి 46 మ్యాచ్‌లు. మొదటి ముగ్గురు నేరుగా పైకి, 4 నుంచి 7 వరకు ఉన్నవాళ్ళు ప్లేఆఫ్ ఆడుకుంటే అందులో ఒకడు పైకి, చివరి ఇద్దరు నేషనల్ లీగ్‌కి కిందకి. 23 మ్యాచ్‌లు అయితే సగం అన్నమాట, అది క్రిస్మస్, న్యూ ఇయర్ దగ్గర పడుతుంది.

ఇప్పుడు టేబుల్ తెరిచి ర్యాంకులు చూడకండి, పాయింట్లే చూడండి. నేనైతే ఒక పాత నోట్‌బుక్‌లో మూడు గీతలు గీసుకుంటా. పై గీత 40 దగ్గర, ఎందుకంటే మూడో ప్లేస్‌కి చివర్లో 80 అటూ ఇటూ కావాలి (2022లో 80, 2023లో 83, 2024లో 86, 2025లో 78కే దొరికింది), దాంట్లో సగం 40. మధ్య గీత 36 దగ్గర, ఏడో ప్లేస్‌కి 70 నుంచి 77 దాకా పడుతుంది కాబట్టి. కింద గీత 25 దగ్గర, 50 పాయింట్లు వస్తే మామూలుగా బతికిపోతారు. ఏ టీమ్ ఏ గీతల మధ్య పడిందో రాసుకోండి. పదో ప్లేస్‌కి, నాలుగో ప్లేస్‌కి మధ్య ఐదారు పాయింట్లే తేడా ఉండటం ఈ లీగ్‌లో మామూలు విషయం, అలాంటప్పుడు పదో ప్లేస్ అని పెదవి విరవడం దండగ.

తర్వాత ఆడిన మ్యాచ్‌ల కాలమ్. ఇక్కడ గ్రౌండ్లు గడ్డకడతాయి, నీళ్ళు నిలుస్తాయి, కప్ మ్యాచ్‌లు అడ్డొస్తాయి, అందుకే జనవరిలో ఒకడు 23 ఆడితే ఇంకొకడు 26 ఆడుంటాడు. 2024 సెప్టెంబర్‌లో ఏఎఫ్‌సి వింబుల్డన్ గ్రౌండ్‌లో అయితే వరదకి పిచ్ ఏకంగా గుంతపడి కుంగిపోయింది, న్యూకాజిల్‌తో వాళ్ళింట్లో ఆడాల్సిన కప్ మ్యాచ్‌ని న్యూకాజిల్‌కే మార్చాల్సొచ్చింది. సరే, మూడు మ్యాచ్‌లు చేతిలో ఉన్నాయంటే తొమ్మిది పాయింట్లు ఉన్నట్టే అనుకుంటారు చాలామంది, నేనూ అనుకునేవాణ్ణి. మామూలు టీమ్ మ్యాచ్‌కి ఒకటిన్నర పాయింట్ కూడా తేదు, కాబట్టి మూడు మ్యాచ్‌లకి నాలుగు పాయింట్లు కలుపుకోండి చాలు. పైగా ఆ మిగిలిన మ్యాచ్‌లు మంగళవారం రాత్రి పెడతారు, శనివారం ఆడి మంగళవారం ఆడి మళ్ళీ శనివారం, ఇరవై మంది స్క్వాడ్‌తో. ఫిబ్రవరికల్లా తొడ కండరాలు పట్టేసినవాళ్ళ లిస్టే పెద్దదవుతుంది.

ఇంక అసలు సంగతి, నా బిర్యానీ ఎక్కడ పోయిందో చెప్తా. ఏ టీమ్ పైన ఉన్నా సరే, దాని గోల్స్ ఎవరు కొడుతున్నారో చూడండి, ఆ మనిషి సొంతవాడా అద్దెకొచ్చినవాడా అని చూడండి. చిన్న క్లబ్బులకి డబ్బులుండవు కాబట్టి పెద్ద క్లబ్బుల కుర్రాళ్ళని లోన్‌లో తెచ్చుకుంటారు, కుర్రాడు బాగా ఆడితే జనవరి విండో (క్లబ్బులు ఆటగాళ్ళని మార్చుకునే టైమ్) తెరవగానే సొంతవాళ్ళు వెనక్కి పిలిచేసుకోవచ్చు. అంటే వాడు ఎంత బాగా ఆడితే వీళ్ళకి అంత రిస్క్, పక్కింటివాళ్ళ ఎద్దుతో దున్నుకుంటున్నట్టు. వాల్సాల్‌లో నేథన్ లో అని 19 ఏళ్ళ స్ట్రైకర్, స్టోక్ సిటీ నుంచి లోన్, లీగ్‌లో 15 గోల్స్ కొట్టాడు, జనవరి మొదట్లోనే స్టోక్ వెనక్కి పిలిచేసింది. చిక్కేంటంటే వాడు వెళ్ళాక కూడా వెంటనే ఏం కాలేదు, లీడ్ అలాగే ఉంది, నేను మోసపోయింది అక్కడే. తర్వాత పదికి పైగా మ్యాచ్‌లు వరసగా ఒక్క గెలుపు లేకుండా పోయాయి. ఐనా చివరి రోజు వరకు దారి ఉంది, వాల్సాల్ క్రూలో 1-0తో గెలిచింది, అటు బ్రాడ్‌ఫర్డ్ సొంత గ్రౌండ్‌లో ఫ్లీట్‌వుడ్‌తో 0-0, అది అలాగే ముగిస్తే మూడో ప్లేస్ వాల్సాల్‌దే. 96వ నిమిషంలో బ్రాడ్‌ఫర్డ్ ఆటగాడు సార్సెవిచ్ గోల్ పడింది. బ్రాడ్‌ఫర్డ్ 78, వాల్సాల్ 77. ఆ తర్వాత వెంబ్లీలో ఓడింది ఎవరి చేతిలో అనుకున్నారు, పిచ్ కుంగిన ఆ వింబుల్డన్ చేతిలోనే, 1-0.

కాబట్టి ప్రతి టీమ్ పక్కన టాప్ స్కోరర్ పేరు రాసి లోన్ అయితే ఎర్ర పెన్నుతో చుట్టేయండి. క్లబ్ వెబ్‌సైట్‌లో స్క్వాడ్ పేజీ చూస్తే తెలిసిపోతుంది, ఐదు నిమిషాల పని.

గోల్ తేడాని (కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) జనవరిలో ఎవరూ పట్టించుకోరు, నేను దాన్ని సగం పాయింట్‌గా లెక్కేస్తా. 2022లో చివరి రోజు బ్రిస్టల్ రోవర్స్, అప్పటికే కిందకి పోయిన స్కంథార్ప్‌ని 7-0తో కొట్టింది. నార్తాంప్టన్ కూడా గెలిచింది, ఇద్దరికీ 80 పాయింట్లు, గోల్ తేడా కూడా సమానం, ఎక్కువ గోల్స్ కొట్టారని రోవర్స్‌కి మూడో ప్లేస్ ఇచ్చారు. నవంబర్‌లో ఏదో ఓడిపోయిన మ్యాచ్‌లో ఊరికే తిన్న నాలుగో గోల్ ఇలా మే నెలలో తిరిగొస్తుంది. రెండు మెట్లు పైన మనకి తెలిసినవాళ్ళకీ ఇదే జరిగింది, తెలుగాయన బి.వి.రావు గారు పెట్టిన గ్రూప్‌దే కదా వెంకీస్, 2010లో వాళ్ళు కొన్న బ్లాక్‌బర్న్ రోవర్స్ 2017లో చాంపియన్‌షిప్ చివరి రోజు 3-1తో గెలిచి కూడా లీగ్ వన్‌లో పడింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి కూడా అవే 51 పాయింట్లు, గోల్ తేడాలో వాళ్ళు బతికారు. చికెన్ కంపెనీని తిట్టుకుంటూ బ్లాక్‌బర్న్ ఫ్యాన్స్ గ్రౌండ్‌లోకి కోడిని వదిలిన సంగతి వేరే కథ.

కింద ఉన్నవాళ్ళని చూసేటప్పుడు టేబుల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న గమనిక చదవండి. జీతాలు టైమ్‌కి ఇవ్వకపోయినా, అప్పుల్లో మునిగి అడ్మినిస్ట్రేషన్‌లోకి (దివాలా లాంటిది) వెళ్ళినా పాయింట్లు కోసేస్తారు. ల్యూటన్‌కి 2008-09లో ఏకంగా 30 కోశారు, 26 పాయింట్లతో లీగ్ నుంచే బయటికెళ్ళింది. 2023లో అదే ల్యూటన్ ప్రీమియర్ లీగ్‌కి ఎక్కింది.

కింద ఉన్నారు కదా అని కొట్టేయకండి కూడా. 2023-24లో డాన్‌కాస్టర్ చలికాలమంతా కింది సగంలో ఈడ్చింది, తర్వాత వరసగా పది మ్యాచ్‌లు గెలిచి ఐదో ప్లేస్‌కి వచ్చేసింది. ప్లేఆఫ్ సెమీస్‌లో క్రూ ఊళ్ళో 2-0 గెలిచి, ఇంటికొచ్చి 2-0 ఓడి, పెనాల్టీల్లో పోయిందనుకోండి. తర్వాతి సీజన్‌లో మాత్రం చాంపియన్లు వాళ్ళే. అదే 2024లో 70 పాయింట్లతో ఏడో ప్లేస్‌లో దూరిన క్రాలీ, సెమీస్‌లో ఎంకే డాన్స్‌ని రెండు మ్యాచ్‌లు కలిపి 8-1 కొట్టి పైకెళ్ళిపోయింది. అందుకే మధ్య గీత దగ్గర వేలాడే టీముల్ని వదలొద్దంటా.

ఇదంతా న్యూ ఇయర్ మ్యాచ్‌లు అవ్వగానే ఒకసారి, జనవరి విండో మూసేశాక ఫిబ్రవరి మొదటి వారంలో ఇంకోసారి చేయండి, రెండోదే ముఖ్యం, పందేలు ఏమన్నా ఉంటే దాని తర్వాతే. మ్యాచ్‌లు ఫాలో అవ్వాలంటే శనివారం అక్కడ మధ్యాహ్నం 3 అంటే మనకి చలికాలంలో రాత్రి 8:30, మార్చి చివర్లో వాళ్ళు గడియారం మార్చాక 7:30. మంగళవారం మ్యాచ్‌లు మనకి చలికాలంలో రాత్రి ఒంటిగంటం పావుకి మొదలవుతాయి, వాటికోసం మేలుకోకండి, పొద్దున టీ తాగుతూ స్కోర్ చూసి నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటే చాలు.