మిషన్ నడుస్తుంది కానీ చరిత్రలా నడవదు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రెండో ప్రపంచయుద్ధం ఫ్లైట్ సిమ్యులేటర్లలో సొంతంగా మిషన్లు తయారుచేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎడిటర్‌లో ఏ బటన్ ఎక్కడుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. విమానాలు లేస్తాయి, కాల్చుకుంటాయి, పడిపోతాయి, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ పుస్తకంలో చదివిన ఆ రోజుకీ స్క్రీన్ మీద జరిగేదానికీ పొంతన ఉండదు. ఇలాంటి తేడాలు నా మిషన్లలో చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువభాగం చివరికి తేలింది టైమ్ దగ్గరా, పెట్రోల్ దగ్గరా. విమానం రంగు, నంబరు సరిచేయడానికి వారం ఖర్చుపెట్టే ముందు ఈ రెండూ చూడండి.

ఉదాహరణకి ఒకే రోజు తీసుకుంటాను: 1940 సెప్టెంబర్ 15, ఆదివారం, లండన్ మీద మధ్యాహ్నం జరిగిన మొదటి పెద్ద దాడి. మనం ఆడేది 253వ స్క్వాడ్రన్ తరఫున, లండన్‌కి దక్షిణాన ఉన్న కెన్లీ నుంచి, హరికేన్ ఫైటర్‌లో. ఈ స్క్వాడ్రన్‌నే ఎంచుకోవడానికి కారణం దాని పూర్తి పేరు: 253 (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళం వల్ల ఆ పేరు వచ్చింది. డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌ది కూడా హైదరాబాద్ పేరే. సెప్టెంబర్ 15న కెన్లీ నుంచి 253, 501 స్క్వాడ్రన్లు కలిసి లేచి, కెంట్ మీదుగా వస్తున్న కేజీ 76 అనే జర్మన్ బాంబర్ దళం డోర్నియర్ 17 విమానాల మీద ఎదురుగా నుంచి దాడి చేశాయి. ఆ ముఖాముఖి దాడి సరిగ్గా రావడమే మన మిషన్‌కి పరీక్ష.

సమస్య: రెండు పక్షాలూ కలవవు, లేదా కలిసినా సూర్యుడు వేరే చోట ఉంటాడు

చాలామందికి మొదట ఇక్కడే దెబ్బ తగులుతుంది. బ్రిటిష్ రికార్డు చూసి హరికేన్లకి టైమ్ పెడతారు, జర్మన్ రికార్డు చూసి బాంబర్లకి టైమ్ పెడతారు. రెండూ నిజమైన రికార్డులే, అయినా డోర్నియర్లు లండన్ చేరేసరికి ఆకాశం ఖాళీ, లేదంటే హరికేన్లు అరగంట గిరికీలు కొట్టి దిగిపోయాక వాళ్ళు వస్తారు.

కారణం ఏంటంటే 1940 వేసవిలో బ్రిటన్ గడియారాలు జీఎంటీకి (గ్రీనిచ్ సమయానికి) ఒక గంట ముందు నడిచాయి, జర్మనీ కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి వేసవి సమయం పెట్టుకోవడంతో వాళ్ళ గడియారాలు జీఎంటీకి రెండు గంటలు ముందు నడిచాయి. అంటే ఒకే బాంబు పడిన క్షణం లండన్‌లో పన్నెండు దాటితే, జర్మన్ కాగితంలో ఒంటిగంట దాటుతుంది. ఇది చాలదన్నట్టు కొన్ని రికార్డులు నేరుగా జీఎంటీలోనే ఉంటాయి.

పరిష్కారం: ఎడిటర్ తెరవకముందే ఒక కాగితం మీద అన్ని టైములూ ఒకే గడియారంలోకి మార్చుకోండి. నేనైతే బ్రిటిష్ వేసవి సమయం వాడతాను. మార్చాక కూడా ఇంకో అనుమానం మిగులుతుంది, మీ సిమ్యులేటర్‌లోని గడియారం ఏ సమయం చూపిస్తోంది అని. దీనికి నేను చేసే పరీక్ష చాలా తేలిక. కెన్లీలో ఒక విమానాన్ని హ్యాంగర్ పక్కన ఇంజన్ ఆపి నిలబెట్టి, మిషన్‌ని టైమ్ వేగంగా పరిగెత్తించి, హ్యాంగర్ గోడ నీడ సరిగ్గా ఉత్తరం వైపు పడిన నిమిషం రాసుకుంటాను. సెప్టెంబర్ 15న అక్కడ సూర్యుడు నడినెత్తికి, అంటే అక్కడ సుమారు 42 డిగ్రీల ఎత్తుకి, వచ్చేది బ్రిటిష్ వేసవి సమయం ప్రకారం 12:55 ప్రాంతంలో. మీ గేమ్‌లో అది 11:55కి జరిగితే గేమ్ జీఎంటీలో నడుస్తోందని అర్థం, అప్పుడు అన్ని టైములూ గంట వెనక్కి జరపాలి.

ఇంత చాదస్తం ఎందుకని అడగొచ్చు. గంట తేడా అంటే సూర్యుడు పదిహేను డిగ్రీలు కదిలిపోయినట్టు. ఆ రోజు దాడి జరిగిన వేళ సూర్యుడు ఇంకా దక్షిణానికి కొంచెం తూర్పు వైపే ఉన్నాడు, బాంబర్లు వచ్చింది ఆగ్నేయం నుంచి. ఎదురుగా వెళ్ళే హరికేన్ పైలట్ కళ్ళల్లో వెలుతురు కొడుతుంది, పైన బాంబర్లకి కాపలా కాస్తున్న జర్మన్ మెసర్‌ష్మిట్ 109 ఫైటర్లు ఆ వెలుతురులో కలిసిపోతాయి. గడియారం తప్పితే ఆ ఇబ్బంది మొత్తం పోతుంది, ఆడేవాడికి అప్పటి పైలట్ పడ్డ టెన్షన్ అర్థం కాదు.

(మన తీరం మీద 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జరిగిన జపాన్ దాడిని మిషన్‌గా చేయాలనుకునేవాళ్ళు ఇది ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. జపాన్ నౌకాదళం ఎక్కడున్నా టోక్యో టైమే రాసుకునేది, అది మన టైమ్‌కి మూడున్నర గంటలు ముందు.)

సమస్య: బాంబర్లు మరీ త్వరగా లండన్ చేరిపోతాయి

నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది ఇదే. టైములన్నీ సరిచేశాను, తీరం దాటే నిమిషం కూడా సరిపోయింది, అయినా హరికేన్లు ఇంకా ఎక్కుతుండగానే డోర్నియర్లు థేమ్స్ నది దాకా వచ్చేసేవి.

ఇందులో రెండు కారణాలు కలిసి ఉన్నాయి. మొదటిది వేగం లెక్క. కాక్‌పిట్ డయల్ చూపించే వేగం, గాలిలో విమానం అసలు వేగం, నేల మీద అది దాటే దూరం, ఈ మూడూ వేరు. డోర్నియర్లు వచ్చిన ఎత్తు సుమారు 16,000 అడుగులు. అక్కడ గాలి పలచన కాబట్టి డయల్ మీద గంటకు 230 కిలోమీటర్లు కనిపిస్తే అసలు వేగం 295 దాకా ఉంటుంది. మీ ఎడిటర్ వేపాయింట్‌లో అడిగే వేగం వీటిలో ఏదో తెలియకుండా అంకె వేస్తే అక్కడే లెక్క తప్పుతుంది. తెలుసుకోవడానికి ఒకే బాంబర్‌ని ఆ ఎత్తులో, గాలి లేకుండా, మ్యాప్ మీద కొలిచిన వంద కిలోమీటర్లు నడిపి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. ఇరవై నిమిషాలు పడితే అసలు వేగం 300 అన్నమాట.

రెండో కారణం గాలి, ఆ రోజు కథంతా అందులోనే ఉంది. పైన వాయవ్యం నుంచి గంటకు సుమారు 90 మైళ్ల గాలి వీచింది, అంటే దాదాపు 145 కిలోమీటర్లు. అది బాంబర్లకి ఎదురుగాలి. తీరం మీదున్న ఫోక్‌స్టోన్ నుంచి లండన్ మధ్యకి నూటఐదు కిలోమీటర్ల దూరం, గాలి లేకపోతే ఇరవై నిమిషాల పైచిలుకు ప్రయాణం, ఆ రోజు అరగంట దాటింది. అంతకుముందే ఫ్రాన్స్ మీద మబ్బుల్లోంచి ఎక్కేటప్పుడు డోర్నియర్ల వరస చెదిరి, మళ్ళీ కూడుకోవడానికి కొంత సమయం పోయింది. ఆ నిమిషాలన్నీ ఆ ప్రాంతపు బ్రిటిష్ ఫైటర్ల కమాండర్ కీత్ పార్క్ స్క్వాడ్రన్లకి పైకి ఎక్కడానికి దొరికాయి, 109ల ట్యాంకుల్లోంచి ఖర్చయ్యాయి.

ఎత్తుని బట్టి గాలి పెట్టుకునే వీలు మీ ఎడిటర్‌లో ఉంటే పెట్టండి, కింద మాత్రం తక్కువ ఉంచండి, లేకపోతే టేకాఫ్‌లోనే విమానాలు పక్కకి ఒరిగిపోతాయి. దిశ అడిగిన చోట కొన్ని ఎడిటర్లు గాలి ఎక్కడి నుంచి వస్తుందో అడుగుతాయి, కొన్ని ఎటు పోతుందో అడుగుతాయి, ఒక పొగ గొట్టం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అంత గాలి పెట్టే అవకాశమే లేకపోతే గాలి వల్ల ఏం జరిగిందో అది పెట్టండి: డోర్నియర్లు హరికేన్లకి ఎదురుపడాల్సిన చోటుకి సరైన నిమిషానికి వచ్చేలా వాటిని ఆలస్యంగా బయల్దేరదీసి, ఎస్కార్ట్ ఫైటర్ల పెట్రోల్‌ని ఆ పోయిన నిమిషాలకి సరిపడా తగ్గించండి.

సమస్య: 109లు ఇంటికి పోవు

లండన్ మీద అరగంట సేపు ఫైటర్ల మధ్య దగ్గరి పోరు (డాగ్‌ఫైట్) జరుగుతూనే ఉంటుంది, ఒక్క 109 కూడా వెనక్కి తిరగదు. అసలు సంగతి, మెసర్‌ష్మిట్ 109ఈ లోపలి ట్యాంక్ 400 లీటర్లు. గంటా పైచిలుకు మాత్రమే ఎగరగలిగేది, లండన్ మీద పది నిమిషాల పోరాటం అంటేనే ఎక్కువ. ఆ సిరీస్‌లో అదనపు ట్యాంక్ మోసే ఏర్పాటుతో వచ్చింది ఈ-7 మోడల్, ఈ-4 మోడల్‌కి అది లేదు.

ఎక్కువమంది చేసే పొరపాటు, ఫైటర్లని సముద్రం మీద గాలిలోనే పుట్టించి ట్యాంక్ వంద శాతం వదిలేయడం. వీలైతే ఫ్రాన్స్ తీరంలోని కలే చుట్టుపక్కల రన్‌వేల నుంచే లేపండి. అన్నిటినీ లేపితే కంప్యూటర్ మొరాయిస్తుందనుకుంటే గాలిలోనే పుట్టించండి కానీ ట్యాంక్ 70, 75 శాతానికి దించండి, మిగతా పాతిక, ముప్పై శాతం పైకి ఎక్కడానికీ గుంపు కట్టడానికీ పోతుందని నా లెక్క. గాలి పెట్టకపోతే ఇంకో పదిహేను శాతం తీసేయండి. ఇది చేసిన రోజు మొదటిసారి చూశాను, లండన్ శివార్లకి వచ్చేసరికి పైనున్న 109లు జంటలు జంటలుగా తూర్పుకి తిరిగి వెళ్ళిపోతుంటే కింద డోర్నియర్లు ఒంటరిగా ముందుకే పోతున్నాయి. ఆ రోజు జరిగింది అదే.

దీనికి వ్యతిరేకం కూడా ఉంటుంది: ఎస్కార్ట్ మొదటి స్పిట్‌ఫైర్ కనబడగానే బాంబర్లని వదిలేసి దాని వెంట పడిపోతుంది. మొత్తం ఎస్కార్ట్‌ని ఒకే గ్రూపుగా పెట్టడం వల్ల వచ్చే తంటా ఇది. రెండుగా విడగొట్టండి, ఒకటి బాంబర్లకి కట్టేసిన దగ్గరి కాపలా, ఇంకొకటి నాలుగైదు వేల అడుగులు పైన, వేట పనితో. ఆ రోజు బిగ్గిన్ హిల్ నుంచి వచ్చిన 72, 92 స్క్వాడ్రన్ల స్పిట్‌ఫైర్లు ముందు ఎస్కార్ట్‌ని తగులుకున్నాయి, తర్వాతే కెన్లీ హరికేన్లు బాంబర్ల మీదికి వెళ్ళాయి. మీ మిషన్‌లో కూడా ఆ స్పిట్‌ఫైర్లు పై గ్రూపుని లాక్కుపోవాలి.

సమస్య: స్క్రాంబుల్ (ఆర్డర్ రాగానే వెంటనే లేవడం) ఎప్పుడు చేసినా తప్పే

హరికేన్ 16,000 అడుగులు ఎక్కడానికి ఎనిమిది నిమిషాల దాకా పడుతుంది, పన్నెండు విమానాలు గుంపుగా అంటే ఇంకా ఎక్కువ. స్క్రాంబుల్‌ని టైమ్‌కి కట్టకుండా బాంబర్లు ఉన్న చోటుకి కట్టండి: అవి ఫ్రాన్స్ తీరం దగ్గర ఒక గీత దాటగానే ట్రిగర్ పేలి కెన్లీకి ఆర్డర్ రావాలి. రాడార్ చేసిన పని అదే. తీరం దాటాక రాడార్‌కి కనపడవు, అక్కడి నుంచి నేల మీద కళ్ళతో చూసి ఫోన్ చేసే అబ్జర్వర్ కోర్ వాళ్ళే దిక్కు, కాబట్టి రేడియోలో వచ్చే సమాచారం కూడా అక్కడి నుంచి కొంచెం ఆలస్యంగా, ఎత్తు కొంచెం తేడాగా ఇవ్వండి.

సమస్య: హరికేన్‌కి ఊపు లేదు

జాబితాలో 87 ఆక్టేన్ పెట్రోల్ మోడల్ ఎంచుకుని ఉంటారు. ఆ సెప్టెంబర్‌కి ఫైటర్ కమాండ్ వాడుతున్నది 100 ఆక్టేన్, అవసరంలో బూస్ట్ (ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) 12 పౌండ్ల దాకా వెళ్ళేది. మోడల్ మార్చండి, అంతే.

సమస్య: నాలుగు నిమిషాల్లో అందరూ చచ్చిపోతారు

ఏఐ పైలట్లందరికీ అత్యుత్తమ స్థాయి పెట్టడం వల్ల. ఒక స్క్వాడ్రన్‌లో ముదురు పైలట్లు ఇద్దరో ముగ్గురో, మిగతావాళ్ళు మామూలు, కొందరు కొత్తగా వచ్చినవాళ్ళు. అలాగే పెట్టండి. మూడు మూడు విమానాల వీ ఆకారం వరస కూడా మర్చిపోవద్దు. నాలుగు విమానాల విడి వరస అప్పటికి జర్మన్లది, గేమ్ తనంతట తాను రెండు పక్షాలకీ అదే ఇస్తే మార్చాల్సిందే.

లెక్క చూసేటప్పుడు ఇంకో సంగతి. ఆ రోజు 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటన్ ప్రకటించింది, నిజంగా పడినవి 60 దగ్గర. పైలట్లు అబద్ధం చెప్పారని కాదు, ఒకే డోర్నియర్‌ని ఐదుగురు కాల్చి, అది పొగలు కక్కుతూ మబ్బులో మాయమైతే ఐదుగురూ తమ లెక్కలో రాసుకున్నారు. కాబట్టి కూల్చామని చెప్పిన అంకెలకి సరిపడేలా మిషన్‌ని సవరించకండి, ఎదుటి పక్షం తన నష్టాలు రాసుకున్న కాగితం చూడండి.

సమస్య: విమానాలు ఎక్కువై గేమ్ తడబడుతుంది

డోర్నియర్లు ఆ రోజు పాతికే, వాటిని పూర్తిగా ఉంచండి. ఎస్కార్ట్ వందకి పైనే, అవన్నీ అక్కర్లేదు. మీ హరికేన్ సీట్లోంచి ఒకసారికి కనపడేది ఇరవై ముప్పైకి మించదు. 253 తిరిగిన దారి చుట్టూ ఉన్నవాటినే పెట్టి, డక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఐదు స్క్వాడ్రన్ల గుంపుని ఒక్క స్క్వాడ్రన్‌తో సరిపెట్టి, అది కూడా డోర్నియర్లు లండన్ అంచుకి వచ్చాకే పుట్టేలా ట్రిగర్ పెట్టండి.

సమస్య: హైదరాబాద్ స్క్వాడ్రన్ కదా అని మన పేర్లు పెట్టారు

ప్రేమతో పెట్టారని తెలుసు, నాకూ ఆ కోరిక కలిగింది. కానీ ఆ పేరు విరాళం వల్ల వచ్చింది, పైలట్లు హైదరాబాద్ నుంచి వెళ్ళడం వల్ల కాదు. ఆ నెలలో ఆ స్క్వాడ్రన్ నుంచి లేచి తిరిగి రానివాళ్ళు ఉన్నారు, ఆ సీట్లు వాళ్ళవి. హైదరాబాద్‌కి రావాల్సిన గుర్తింపు బ్రీఫింగ్‌లో స్క్వాడ్రన్ పూర్తి పేరు రాసి ఇవ్వండి, విమానం పక్కన ఆ స్క్వాడ్రన్ గుర్తైన ఎస్‌డబ్ల్యూ అక్షరాలు వేయండి.

అన్నీ అయ్యాక మీరు ఆడకుండా ఒకసారి మిషన్‌ని డోర్నియర్ సీట్లోంచి మొత్తం చూడండి. తీరం దాటిన నిమిషం, మొదటి స్పిట్‌ఫైర్ కనపడిన నిమిషం, హరికేన్లు ఎదురుగా వచ్చిన నిమిషం, బాంబులు పడిన నిమిషం రాసుకోండి. చివరిది 12:08కి అటూ ఇటూగా ఉండి, అప్పటికి మీ పైన 109లు లేకపోతే ఫైల్ సేవ్ చేసుకోవచ్చు.