ఎడారిలో రాక్ క్లైంబింగ్‌కి ఎప్పుడు వెళ్ళాలి, వాతావరణం ఎలా చూసుకోవాలి?

మాది బల్లార్షా. మే నెలలో 46, 47 డిగ్రీలు మాకు మామూలే, అందుకే జోర్డాన్‌లో వాడి రమ్ అనే ఎడారికి రాళ్ళెక్కడానికి పోదామనుకున్నప్పుడు మా బ్యాచ్‌లో ఒకడు "ఎండేగా, మనకేం కొత్తా" అని జూన్‌కి టికెట్లు చూసేశాడు. మధ్యాహ్నం రెండింటికి వాళ్ళింటి రేకుల మీద చెయ్యి పెట్టి పది లెక్కపెట్టమన్నాం, మూడు దగ్గరే తీసేశాడు. ఎండకి కాలిన రాయీ అంతే, దాన్ని చేత్తో పట్టుకునే ఎక్కాలి మరి.

1. ముందు నెల ఫిక్స్ చేసుకోండి. వాడి రమ్‌కి మార్చి నుంచి మే మొదటి రోజుల దాకా, మళ్ళీ సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ దాకా బాగుంటుంది. ఏప్రిల్‌లో ఖమాసిన్ అనే దుమ్ముగాలి లేస్తే మాత్రం ఆ రోజు టెంట్లోనే. డిసెంబర్, జనవరిలో పగలు పర్లేదు, రాత్రి సున్నా దాకా దిగుతుంది, కూలర్ ముందు పడుకునే మనకి అది వేరే లోకం.

2. ఎక్కే రోజు ఫోర్‌కాస్ట్ ఒక్కటే చూసి మురిసిపోకండి, దానికి ముందు మూడు నాలుగు రోజులు వాన పడిందా లేదా అన్నదే అసలు సంగతి. అక్కడిది ఇసుకరాయి, తడిస్తే రేణువుల్ని పట్టి ఉంచే బంధం సడలిపోతుంది, చేత్తో పట్టుకున్న అంచు పుటుక్కున ఊడొస్తుంది, రోప్‌కి ఆధారంగా పగుల్లో పెట్టిన గేర్ కూడా నిలవదు. పైగా పైపైన గంటల్లో ఆరిపోయి పొడిగానే కనబడుతుంది, లోపల తడే.

3. మరి తెలిసేదెలా? ఎండాకాలం మా వర్ధా నది ఇసకలో చెలమ తవ్వుతాం చూడండి, అలాగే రాయి మొదట్లో ఇసకని నాలుగు వేళ్ళతో జానెడు లోతు తవ్వండి. కింది ఇసక నల్లగా ఉండి, పిడికిట్లో నొక్కితే ముద్ద కడితే ఆ రోజు ఎక్కొద్దు. కనీసం 24 గంటలు, గట్టి వానైతే రెండు మూడు రోజులు ఆగాలి. అందుకే సెలవులో రెండ్రోజులు ఎక్స్‌ట్రా పెట్టుకోండి, ఇది ఖర్చే, తప్పదు.

4. వేడి రోజుల్లో పొద్దున పడమటి ముఖం రాయి, మధ్యాహ్నం తూర్పు ముఖం, నీడ దొరుకుతుంది. చలికాలమైతే దక్షిణం వైపు.

5. 'వాడి' అంటేనే అరబ్బీలో ఎండిన వాగు. పైన ఎక్కడో కురిసినా ఇక్కడికి నీళ్ళొచ్చేస్తాయి, 2018 నవంబర్‌లో ఇలాగే వరదొచ్చి దగ్గర్లోని పెట్రా అనే పాత రాతి నగరం నుంచి టూరిస్టుల్ని వేలల్లో ఖాళీ చేయించారు. టెంట్ గట్టు మీదే వేయండి.

మొదటిసారైతే అంత దూరం ఎందుకు, కర్ణాటకలో బాదామి చాలు, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. అది ఎడారి కాదు కానీ అదీ ఇసుకరాయే, వాన పడితే ఆగాల్సిందే. ఎక్కే ముందు తేనెపట్టు ఉందేమో ఓసారి తలెత్తి చూసుకోండి.